కోడికూర పక్కన పెరుగు గిన్నె

రిటైరయ్యాక నాకు తెలిసొచ్చిన మొదటి సంగతి, గురువారం మధ్యాహ్నం నాకు చెయ్యడానికి పనేమీ లేదని. మిగతా రోజుల్లోనూ లేదు గాని గురువారం సంగతి వేరు. ఆ వేళకి ఇప్పటికీ బడిగంట కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటాను. వినిపించేది పక్కింటాయన గడ్డి కోసే యంత్రం మోత.

మొన్న కొత్తగా టీచరుగా చేరిన మనమ్మాయి ఒకతె ఇంటికొచ్చింది. "ఆంటీ, నాకు ఇయర్ ఎయిట్ రెలిజియన్స్ యూనిట్ ఇచ్చిన్రు. జుడాయిజం ఎట్ల చెప్పాల్నో నాకస్సలు ఐడియా లేదు. అయినా మా క్లాస్‌ల జ్యూయిష్ కిడ్స్ ఎవ్వరు లేరు, సో ఈజీగనే అయిపోతది," అంది.

"ఎవ్వరు లేరని నీకెవరు చెప్పిన్రు బిడ్డా?" అన్నాను.

ఆ సాయంత్రం ఆ పిల్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ళకి పనికొస్తుందేమో. పనికి రాకపోయినా రాస్తాను, ఎందుకంటే నాకు ఆ తరగతి మీద బెంగగా ఉంది.

నాది ఆదిలాబాద్ జిల్లా, మహారాష్ట్ర సరిహద్దున ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, అంగట్లో మరాఠీ. మా ఆయన ఉద్యోగం పుణ్యమా అని మెల్‌బోర్న్ వచ్చి, ఇక్కడ మళ్ళీ టీచరు చదువు చదువుకుని, ఊరికి పడమటి శివారు ట్రుగనీనాలో ఒక బడిలో సోషల్ చెప్పాను. మా తరగతుల్లో సగం మంది మన దేశపు పిల్లలు, మిగతా సగంలో ప్రపంచమంతా ఉండేది.

మా విభాగానికి పెద్ద ఒకాయన ఉండేవాడు. మంచివాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను ఆయన్ని ఎన్నన్నా మీరు ఆ మాట గుర్తుపెట్టుకోవాలి. మతాల పాఠం కోసం ఆయన ఒక్కో మతానికి ఒక్కో ప్లాస్టిక్ డబ్బా తయారు చేశాడు. హిందూ డబ్బాలో ఒక వినాయకుడి బొమ్మ, అగరొత్తులు, తళుకుల చీర ఒకటి. అది చూసి మేము స్టాఫ్‌రూమ్‌లో నవ్వుకునేవాళ్ళం. యూదుల డబ్బాలో ఒక నల్ల టోపీ, చెవులకి తగిలించుకోవడానికి రబ్బరు దారం కట్టిన నల్లటి గడ్డం, ఒక ప్లాస్టిక్ దీపపు సెమ్మె. దాన్ని చూసి నవ్వాలని మాకెవరికీ తోచలేదు. మనకి తెలియని విషయంలో ఎవరేది చూపించినా నిజమే అనుకుంటాం.

ఆ ఏడాది నా క్లాసులో ఒక పదమూడేళ్ళ అమ్మాయి ఉండేది. ముంబయి నుంచి వచ్చిన కుటుంబం. 'కర్' అని ముగిసే ఇంటిపేరు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకి పోతే, పిల్లని బడికి తేవడం, తీసుకుపోవడం వాళ్ళ నాయనమ్మ పని. ఆమెని ఆ పిల్ల 'ఆజీ' అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఎప్పుడూ నేతచీర, చేతినిండా గాజులు, పైన మెల్‌బోర్న్ చలికి మగవాళ్ళ జాకెట్టు. మన తెలుగు ఆంటీలంతా వాళ్ళని మరాఠీ హిందువులకింద జమకట్టేశారు. ఏటా వినాయక చవితికి పిలిచేవాళ్ళు. ఆజీ మనవరాల్ని వెంటబెట్టుకుని వచ్చేది, అందరినీ పలకరించేది, పులిహోర బావుందని మళ్ళీ వడ్డించుకునేది. హారతి పళ్ళెం వచ్చే వేళకి మాత్రం ఎప్పుడూ వాకిట్లో చెప్పులు వెతుక్కుంటూ ఉండేది. పాపం మోకాళ్ళ నొప్పులు, ఇంటికి తొందరేమో అనుకునేవాళ్ళం.

బడి వదిలాక గేటు దగ్గర నాతో మరాఠీలో మాట్లాడటం ఆమెకి పెద్ద సంతోషం. నన్ను 'బాయీ' అనేది. మరాఠీలో పంతులమ్మని అలాగే పిలుస్తారు. అయితే శీతాకాలపు శుక్రవారాల్లో ఆమెకి కబుర్ల మీద మనసుండేది కాదు. "వంటంతా ముగించి, పొద్దు కుంగేలోగా దీపం పెట్టాలి బాయీ," అని పిల్ల చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది. శుక్రవారం, సందెదీపం. ఇంక నేను అడగడానికేముంది? మా అమ్మా పెట్టేది లక్ష్మీదేవికి. "మా ఇంట్లో కూడా అంతే ఆజీ," అన్నానొకసారి. ఆమె నా మొహంలోకి చూసి, "అలాగా," అని నవ్వింది.

ఇక డబ్బా పాఠం రోజు. అన్ని సెక్షన్లనీ హాల్లో కూర్చోబెట్టి మా పెద్దాయన స్వయంగా చెప్పాడు. ఒక కుర్రాణ్ణి పిలిచి టోపీ పెట్టాడు, గడ్డం తగిలించాడు. వాడు నడుం వంచి, చేతులు నులుముతూ నడిచాడు. హాలంతా నవ్వు. అప్పుడు మా అమ్మాయి, ఆజీ మనవరాలు, చెయ్యెత్తింది.

"సర్, మై ఫ్యామిలీ ఈజ్ జ్యూయిష్. మేం అట్లా ఉండం," అంది ఇంగ్లీషులో.

వెనక వరసలోంచి మన తెలుగు పిల్లాడొకడు లేచాడు. "నో, యూ ఆర్ నాట్! యూ కేమ్ టు అవర్ గణేష్ పూజా!"

వాడిలో దుర్మార్గమేమీ లేదు. తప్పు చెబుతోంది కదా, సరిదిద్దుదామనుకున్నాడు. కాని మళ్ళీ హాలంతా నవ్వు. మా పెద్దాయన ఆ పిల్లని ఆదుకోబోయి, ఎంతో ఆప్యాయంగా, "ఓహ్, ఇంట్రెస్టింగ్! మీవాళ్ళు ఎప్పుడు మతం మారారు?" అని అడిగాడు.

పిల్ల కూర్చుంది. ఆ తర్వాత గురువారం ఆ పీరియడ్‌కి ఆమెకి కడుపునొప్పి వచ్చి సిక్ బేకి, అంటే ఒంట్లో బాగోని పిల్లల్ని పడుకోబెట్టే గదికి, వెళ్ళింది. పై గురువారమూ అంతే.

ఆ సాయంత్రం గేటు దగ్గర ఆజీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పిల్ల ఒక మాటంది బాయీ. ఇక ఎవరడిగినా హిందువులమనే చెప్తాను, అదే సులువు, అంది."

ఆమే చెప్పుకుంటూ పోయింది. "హిందువులంటే నాకు కోపమా? మా కొంకణంలో చుట్టూ ఉన్నవాళ్ళంతా వాళ్ళే. మావాళ్ళు గానుగ ఆడించేవాళ్ళు. శనివారం మాకు విశ్రాంతి, గానుగ ఆగిపోయేది. అందుకని ఊళ్ళో మమ్మల్ని శనివారం తేలీలు, శనివారపు నూనెవాళ్ళు, అనేవాళ్ళు. ఎన్ని తరాల నుంచో ఎవరికీ తెలియదు. మీరు యూదులు కాదని అక్కడ ఎవరూ అనలేదు. ఇక్కడికొచ్చాక ఊరికి అటువైపు, బ్రిడ్జి అవతల ఉన్న యూదుల మందిరంలో ప్రార్థనకి వెళ్తే, అక్కడొకావిడ అడిగింది, ఎప్పుడు మారారు అని. పిల్ల పక్కనే ఉంది. ఇప్పుడు బడిలో కూడా అదే మాట. అక్కడివాళ్ళూ ఇక్కడివాళ్ళూ మీరు యూదులు కాదంటే దానికి మాత్రం ఓపికెక్కడిది? నా తర్వాత శుక్రవారం దీపం ఎవరు పెడతారు బాయీ?"

అప్పుడర్థమైంది నాకు, 'మా ఇంట్లో కూడా అంతే' అన్నందుకు ఆమె ఎందుకు నవ్విందో. ఇన్నేళ్ళు అదే గేటు దగ్గర నిలబడి, ఆమె భాషలోనే మాట్లాడి, ఏ దీపమని ఒక్కసారి కూడా అడగలేదు.

మర్నాడు పెద్దాయన గదికి వెళ్ళేసరికి ఆయన మరో ఆలోచనలో ఉన్నాడు. అప్పట్లో టీవీ పెడితే యూదుల దేశంలో యుద్ధం వార్తలే. యూదుల పాఠం ఎందుకు చెబుతున్నారని కొందరు, ఎందుకు సరిగ్గా చెప్పట్లేదని కొందరు ఈమెయిళ్ళు పెడుతున్నారట. "మిగతా పాఠం వదిలేసి బౌద్ధం మొదలుపెడదాం. ఎవరికీ అభ్యంతరం ఉండదు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఆపేస్తే యూదులంటే ఈ పిల్లలకి గుర్తుండేది ఆ గడ్డం, ఆ నవ్వు, అంతే. ఆ అమ్మాయి నేర్చుకునే పాఠం మరొకటుంది: నిజం చెబితే నవ్వుతారు, అబద్ధం చెబితే ఊరుకుంటారు అని. ఇదంతా కాస్త మర్యాదగానే చెప్పాననుకుంటున్నాను. చివరికి, "నా క్లాసుకి ఒక్క పీరియడ్ ఇవ్వండి," అన్నాను.

"వన్ పీరియడ్," అన్నాడు. "నో డ్రామాస్, ప్లీజ్."

బ్రిడ్జి అవతల యూదుల బడిలో పాఠాలు చెప్పే ఒకావిడని ఎవరి ద్వారానో పట్టుకుని ఫోన్ చేశాను. నా కథంతా విని ఆవిడ ఒకటే సలహా ఇచ్చింది. "ఒక్క యూదుణ్ణి తెచ్చి ముందు నిలబెట్టకు. ఒక్కరు అందరి తరఫునా ఎలా మాట్లాడతారు? చాలా ఇళ్ళు చూపించు. అన్నీ ఒకే వరసలో పెట్టు, ఏ ఇల్లూ అసలుది కాదు, ఏ ఇల్లూ వింతది కాదు."

అలా పుట్టింది ఆ పాఠం. శుక్రవారం సాయంత్రం, ఐదిళ్ళు. క్లాసులో ఐదు బల్లలు. పోలండ్ నుంచి వచ్చినవాళ్ళ ఇల్లు, బాగ్దాద్ నుంచి వచ్చినవాళ్ళది, ఇథియోపియా వాళ్ళది, కొంకణం వాళ్ళది. ఐదో బల్ల మీద పిజ్జా పెట్టె. అది ఇక్కడే పుట్టి పెరిగిన కుర్ర జంట ఇల్లు. వాళ్ళు ప్రార్థనలేమీ చెయ్యరు గాని, శుక్రవారం ఫోన్లు అవతల పెట్టి కలిసి భోంచేస్తారు. ఆ బల్ల ఫోన్లో ఆవిడ చెప్పగా పెట్టిందే. "అది కూడా మా ఇల్లే, మర్చిపోకు," అంది.

ఆ అమ్మాయిని ఒంటరిగా పిలిచి, కొంకణం బల్ల దగ్గర రెండు ముక్కలు చెబుతావా అని అడిగాను. ఫోన్లో విన్న సలహా అంతలోనే ఎక్కడికి పోయిందో చూడండి. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ, "మిస్, ప్లీజ్ డోంట్ మేక్ మీ ద జ్యూ ఆఫ్ ద క్లాస్," అంది. సరేనన్నాను.

ఆజీని మలీద చేసివ్వమని అడిగాను. మలీద అంటే మా ఆదిలాబాద్‌లో సద్దుల బతుకమ్మకి చేసేది: రొట్టెలు చిదిమి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతాం. ఆజీ వాళ్ళ మలీద అటుకులది. నానిన అటుకుల్లో చక్కెర, కొబ్బరి తురుము, యాలకుల పొడి, చుట్టూ రకరకాల పళ్ళు. ఏలియా ప్రవక్తని తలుచుకుని పాడి, అందరూ పంచుకు తింటారట. ఆజీ నోట ఆ పేరు వినగానే నాకు మా అమ్మ చేతి వాసన వచ్చినట్టై, నోరు జారి అడిగేశాను.

ఆజీ తల అడ్డంగా ఊపింది. "అది చూపించడానికి చెయ్యరు బాయీ. మొక్కు తీరితేనో, ఇంట్లో మంచి జరిగితేనో, దేవుడికి మేలు చెప్పుకోవడానికి చేస్తారు. ఇప్పుడు దేనికని చెయ్యను?"

కావాలంటే కోడికూర వండే పద్ధతి చెప్తానంది. అది కొబ్బరిపాలతో. చెప్పించుకుని వచ్చాను.

గురువారం వచ్చింది. బల్లలు సర్దడానికి నాతోపాటు క్లాసులో సాయంగా ఉండే ఎయిడ్, గుంటూరమ్మాయి, భోజనం మానేసి కూర్చుంది. కొంకణం బల్ల ఆమెదే. అన్నం, నేను వండిన కోడికూర, నూనె పోసి వత్తి వేసిన గాజుగ్లాసు దీపం. ఫైర్ అలారం భయంతో ఏ బల్ల మీదా దీపం వెలిగించనివ్వలేదు. అలర్జీల భయంతో ఏదీ తిననివ్వలేదు.

"చూడక్కా, ఎలా ఉందో," అని పిలిచింది.

చూశాను. మంచి కంచు పళ్ళెం, అన్నం, కూర, పక్కన చిన్న గిన్నెలో గడ్డపెరుగు. "మస్తు పెట్టినవ్ చెల్లె," అన్నాను.

"మరి, పెరుగు లేకుండా భోజనమేంటక్కా! అందుకే ఇంటి నుంచి తోడుపెట్టి మరీ తెచ్చా."

ఫోన్లో ఆవిడతో అన్ని బల్లలూ సరిచూసుకున్నాను. ఆ జాబితాలో పెరుగు లేదు. మా ఇద్దరికీ అనుమానమైనా రాలేదు. పెరుగు లేని విస్తరి చూస్తే మాకు ఏదో మర్చిపోయినట్టే ఉంటుంది.

పెద్దాయన వచ్చి గది వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా అమ్మాయి యథాప్రకారం సిక్ బేకి వెళ్ళింది. అయితే ఆ రోజు అక్కడి మంచం మీద ఏడో తరగతి పిల్లవాడొకడు వాంతులు చేసుకుంటూ పడుకున్నాడట. చోటు లేక తిప్పి పంపేశారు. పెద్ద మలుపుల్లో చాలావాటికి ఇలాంటి కారణాలే ఉంటాయి. ఆమె వచ్చి, తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుని, డెస్కు మీద తల వాల్చేసింది. నేను పలకరించలేదు.

పిల్లలు గుంపులుగా బల్లబల్లకీ తిరుగుతున్నారు. వాళ్ళు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ ఇంట్లో ఇవాళ శుక్రవారమని ఎలా తెలుస్తుంది? గణేష్ పూజ మాటన్న మన పిల్లాడు కొంకణం బల్ల దగ్గర ఆగి, "దిస్ ఈజ్ జస్ట్ ఇండియన్ ఫుడ్," అని పెదవి విరిచాడు.

ఆ మాటకి మా అమ్మాయి తలెత్తింది. బల్ల వంక చూసింది. చూపు పళ్ళెం మీద ఆగింది. మళ్ళీ తల దించుకుంది. మళ్ళీ ఎత్తింది. ఇంట్లో పటం వంకరగా ఉంటే మనకెలా ఉంటుందో అలా ఉంది ఆ పిల్ల మొహం. కాసేపు ఓర్చుకుంది. ఇక వల్ల కాలేదు. లేచి, నడిచి వెళ్ళి, కోడికూర పక్కనున్న పెరుగు గిన్నెని రెండు చేతులా పట్టుకుని తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

"మిస్, నాట్ విత్ ద చికెన్."

గది అంతా ఆమె వంకే చూసింది.

"మిల్క్ అండ్ మీట్. మేం రెండూ కలిపి తినం," అంది ఇంగ్లీషులో. "అందుకే కర్రీలో కోకోనట్ మిల్క్."

"హౌ డు యూ నో?" అన్నాడు మనవాడు.

"బికాజ్ దట్స్ మై ఆజీస్ టేబుల్."

వాడు పళ్ళెం చూశాడు, పిల్లని చూశాడు. "సో యూ ఆర్ యాక్చువల్లీ జ్యూయిష్?"

"ఐ టోల్డ్ యూ."

వాడి బుర్రలో ఏదో తిరుగుతోంది. ఉన్నట్టుండి మొహం పాలిపోయింది. "వెయిట్. యూ హావ్ నెవర్ హాడ్ బటర్ చికెన్?"

"నెవర్."

"ఎవర్?"

క్లాసులో మన దేశపు పిల్లలందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. ఆ గదిలో యూదుల మీద మొట్టమొదటి నిజమైన జాలి అప్పుడే పుట్టింది. అందరూ ఆమె చుట్టూ చేరారు. మరి పనీర్? మరి చీజ్ బర్గర్? పూజలో మా అమ్మ చేసిన పులిహోర తినొచ్చా? తినొచ్చు, బావుంటుంది కూడా, అంది. నవ్వింది. ఈసారి నవ్వు మొదలుపెట్టింది తనే.

నా నాలుక చివరిదాకా వచ్చింది, ముందుకొచ్చి అందరికీ వివరంగా చెప్పమ్మా అని. పళ్ళు బిగబట్టాను. నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన మంచిపని ఏదంటే, ఆ నిమిషంలో ఆ మాట అనకపోవడమే.

కాసేపటికి ఆ పిల్ల పోలండ్ బల్ల దగ్గరుంది. అక్కడి చేప ఉండల్ని అనుమానంగా చూస్తూ, "ఇదేంటి?" అని పక్కనున్న పెద్దాయన్ని అడిగింది. "నాకూ తెలీదు. రా, కార్డు చదువుదాం," అన్నాడాయన. ఇద్దరూ వంగి చదువుకున్నారు. చదవడం అయ్యాక, ఆ రోజు హాల్లో తను అడిగిన ప్రశ్న తప్పని ఆయన మెల్లగా చెప్పడం నా చెవిన పడింది. తర్వాతి వారం గడ్డం, టోపీ డ్రామా టీచరుకి చేరాయి. చెప్పాను కదా, మంచివాడని.

పై శుక్రవారం కాక ఆ పై శుక్రవారం, గేటు దగ్గర ఆజీ ఒక స్టీలు డబ్బా నా చేతిలో పెట్టింది. మూత తీస్తే అటుకులు, కొబ్బరి, అరటిపండు ముక్కలు, దానిమ్మ గింజలు, పైన ఒక గులాబీ రేకు.

"కారణం దొరికిందా ఆజీ?"

"పోయిన శుక్రవారం నేను పిలవకముందే పిల్ల వచ్చి దీపం దగ్గర నిలబడింది బాయీ. జరుగు ఆజీ, నేను పెడతాను, అంది." అంతే చెప్పింది. పొద్దు వాలుతోంది. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని, ఆ పెద్ద జాకెట్టులో, మనవరాలి వెంట గబగబా నడిచిపోయింది.

కారులో కూర్చుని ఆ డబ్బా గుంటూరమ్మాయితో పంచుకు తిన్నాను. మా మలీద రుచికీ దీనికీ పోలికే లేదు. అయినా మా అమ్మ గుర్తొచ్చి కళ్ళు నిండిపోయాయి. ఏ పండగకైనా ముందు ఒక ముద్ద నా నోట్లో పెట్టి, ఉప్పు సరిపోయిందా అని అడిగేది, తీపి ముద్దకి కూడా.

"ఏంటక్కా, ఏడుస్తున్నావా?"

"లేదు చెల్లె, యాలకులు ఎక్కువ పడ్డయ్."

రెండు చలికాలాలు గడిచాక ఆజీ పోయింది. తర్వాత ఆ కుటుంబం ఇల్లమ్ముకుని బ్రిడ్జి అవతలికి, ప్రార్థనకి నడిచి వెళ్ళగలిగే చోటికి మారిపోయింది. అమ్మాయి ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతోందట. కలవాలని ఉంది. ఫోన్ నంబరు సంపాదించడం కష్టమేమీ కాదు, కాని ఏమని చెయ్యను? ఊరికే నిన్ను చూడాలనిపించింది అనడానికి ఈ దేశంలో నాకు ఇంకా మొహమాటమే.

ఆ కొత్త టీచరమ్మాయికి ఆఖరున ఇదే చెప్పాను. క్లాసులో ఎవరూ లేరనుకోకు, ఉన్నారనుకునే బల్లలు సర్దు. తెలిశాక ముందుకి లాగకు. తప్పు పెడతావేమోనని మరీ భయపడకు, సరిదిద్దడానికి లేచేవాళ్ళు లేవగలిగేలా గదిని ఉంచు. ఆ పిల్ల ఫోన్లో ఏదో టైప్ చేసుకుని, "థాంక్స్ ఆంటీ, సూపర్," అని వెళ్ళిపోయింది.

శీతాకాలం శుక్రవారాల్లో నడకకి వెళ్ళినప్పుడు ఆజీ వాళ్ళుండిన ఇంటి ముందు నుంచే వెళ్తాను. ఇప్పుడక్కడ మనవాళ్ళే ఎవరో ఉంటున్నారు. కిటికీలో టీవీ వెలుగు తప్ప ఏమీ కనబడదు. ఇంటికొచ్చి, కోడికూర వండుకున్న రోజైతే, పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుని ఒక్క నిమిషం ఆగుతాను. పక్కనుంచి ఒక చిన్న చెయ్యి వచ్చి ఆ గిన్నె తీసేస్తే ఎంత బావుండును అనిపిస్తుంది. ఎవరూ తీయరు. కాసేపు చూసి, అన్నంలో వేసుకుంటాను.